కుట్రల కథలో పిల్లలకేం పని? 1792 చెన్నపట్నం చెప్పే జవాబు

టీనేజీ పిల్లల కోసం రాసే చారిత్రక నవలల్లో ఒక రకం ఉంది. ముసలి రాజు పోతాడు. వారసుడెవరో తేలదు. మంత్రులు రెండు ముఠాలుగా చీలిపోతారు, దూతలు రాత్రిపూట వస్తారు, ఎవరో ఒకరు రుచి చూశాకే భోజనం లోపలికి వెళ్తుంది. ఇంత గొడవ మధ్యలో కథ నడిపేది మాత్రం పద్నాలుగేళ్ల కుర్రాడో, పదిహేనేళ్ల అమ్మాయో. వాళ్లకి కత్తి పట్టడం రాదు, చేతిలో డబ్బుండదు. చాలాసార్లు అమ్మానాన్నలుండరు, లేదా ఉండీ కాపాడలేరు. ఒకరికి నత్తి, ఒకరికి మూర్ఛ, ఒకరు ఆ ఊరికి కొత్త.

చెన్నైలో మన తెలుగు ఇళ్లలో పిల్లలు ఇలాంటి పుస్తకాలు ఇంగ్లీషులో తెగ చదువుతున్నారు. వాటిని ఒకసారి తిరగేసిన పెద్దవాళ్లకి ఒక అనుమానం వస్తుంది. రాజకీయమంటే అధికారం ఉన్నవాళ్ల వ్యవహారం కదా, దాన్ని చెప్పడానికి ఏ అధికారమూ లేని పిల్లలెందుకు? జాలి పుట్టించడానికా?

కుట్రను లోపలినుంచి చూపించాలంటే బలం లేనివాడే సరైన మనిషని నా నమ్మకం. బలమున్నవాడు ఒక ఎత్తు తప్పితే ఇంకో ఎత్తు వేస్తాడు. దిక్కులేనివాడు ఒక్కసారి తప్పితే కూడూ పోతుంది, గూడూ పోతుంది. అందుకే వాడు ప్రతి మాటా జాగ్రత్తగా వింటాడు, ఎవరి ముఖంలో ఏం మారిందో గమనిస్తాడు. ఎవరు ఎవరికి భయపడుతున్నారో ఆ ఇంటి యజమానికంటే పనివాడికే ముందు తెలుస్తుంది.

ఉదాహరణ లేకుండా చెప్తే ఇది తేలిపోయే మాట. మన ఊరి చరిత్రలోంచే ఒక ఏడాది తీసుకుని చూద్దాం.

ఒకే ఊరు, ముగ్గురు పిల్లలు, ఒక దుబాసి

1792 ఫిబ్రవరి 26న శ్రీరంగపట్నం బయట ఇంగ్లీషు సైన్యం విడిది దగ్గరికి టిప్పు సుల్తాన్ కొడుకులిద్దరు ఏనుగుల మీద వచ్చారు. అబ్దుల్ ఖాలిక్‌కి దాదాపు పదేళ్లు, మొయిజుద్దీన్‌కి దాదాపు ఎనిమిది. మూడో మైసూరు యుద్ధంలో ఓడిన టిప్పు సగం రాజ్యమూ, 3 కోట్ల 30 లక్షల రూపాయలూ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ డబ్బు ముట్టేదాకా ఈ పిల్లలే హామీ. టిప్పు వకీలు, అంటే రాయబారి, గులాం అలీ ఖాన్ వాళ్లని ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌కి అప్పగించాడు. కారన్‌వాలిస్ ఒక్కొక్కరికి ఒక బంగారు గడియారం ఇచ్చాడు. తర్వాత వాళ్లని చెన్నపట్నం తీసుకొచ్చారు. 1794 దాకా వాళ్లు తండ్రి దగ్గరికి తిరిగి వెళ్లలేదు.

ఈ అప్పగింతను రాబర్ట్ హోమ్, మాథర్ బ్రౌన్ లాంటి చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలుగా వేశారు. వాటిలో కారన్‌వాలిస్ దయగల తండ్రిలా కనిపిస్తాడు. పిల్లలు ముద్దుగా, వినయంగా ఉంటారు. గెలిచినవాళ్లు చెప్పుకున్న కథ అది. ఆ పిల్లల్లో ఒకరి కళ్లతో అదే దృశ్యం రాయండి. అర్థంకాని భాష, చెయ్యి పట్టుకున్న కొత్త మనిషి, వెనక్కి తిరిగి చూడొచ్చో లేదో తెలియని భయం. రాజకీయ ఒప్పందం అంటే ఏమిటో అక్కడ ఒక్క పేజీలో అర్థమవుతుంది.

ఇప్పుడు యుద్ధం ఎలా మొదలైందో చూడాలి. 1789 డిసెంబరులో టిప్పు తిరువాన్కూరు సరిహద్దు గోడల మీద దాడి చేశాడు. తిరువాన్కూరు కంపెనీకి మిత్రరాజ్యం. అప్పుడు చెన్నపట్నం గవర్నరు జాన్ హాలండ్. సాయం పంపడంలో అతను చూపిన అలసత్వం మీద కారన్‌వాలిస్ మండిపడ్డాడు. ఆ హాలండ్ దగ్గర దుబాసిగా ఉన్నది మన తెలుగాయన, అవధానం పాపయ్య. దుబాసి అంటే మాటలు తర్జుమా చేసేవాడు మాత్రమే అనుకోకండి. దొర ఎవరిని కలవాలో, ఎవరి అర్జీ ముందు చదవాలో, ఎవరి అప్పు ఎవరు తీర్చాలో అన్నీ అతని చేతిమీదుగా నడిచేవి. 1792లోనే పాపయ్య, ఆయన సోదరుడు, మరో ఇద్దరు కలిసి డేవిడ్ హాలిబర్టన్ అనే కంపెనీ ఉద్యోగిని దెబ్బతీయడానికి కుట్ర పన్నారన్న నేరం మీద ఇక్కడి న్యాయస్థానంలో విచారణ జరిగింది, నేరం రుజువైందన్నారు. చూలైలో పాపయ్య పేరుతో ఇప్పటికీ ఒక వీధి ఉంది.

ఇక మూడో పిల్లవాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో ఈ ఊళ్లోనే పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. పన్నెండేళ్లకి కంపెనీ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీరుగా చేరారు. తర్వాత అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఇంటర్‌ప్రెటర్ అయ్యారు, 1830-31లో కాశీయాత్ర చేసి వచ్చారు. మనమంతా ఆయన్ని ఆ పెద్దరికంతోనే గుర్తుపెట్టుకున్నాం. నన్ను పట్టి ఉంచేది మాత్రం ఆ పన్నెండేళ్ల పిల్లవాడు. లెక్క చూస్తే అది ఇంచుమించు 1792 ప్రాంతమే. రాజకుమారులు హామీగా వచ్చిన ఊరు, గవర్నరు దుబాసి బోనెక్కిన ఊరు, తండ్రి లేని తెలుగు పిల్లాడు ఇంగ్లీషు కాగితాల మధ్య పనికి చేరిన ఊరు ఒకటే.

ఈ ముగ్గురు పిల్లలూ ఎప్పుడైనా కలిశారని నేననడం లేదు. వాళ్లు పీల్చిన గాలి ఒకటని, ఒక నవలకి అది చాలని అంటున్నాను.

బలహీనత అంటే ఏమిటి

ఈ రకం పుస్తకాలు రాయబోయేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. బలహీనత అనగానే నాయకుడికి ఒక జబ్బు, ఒక కన్నీళ్ల గతం తగిలిస్తారు. మూడో అధ్యాయం తర్వాత ఆ జబ్బు గుర్తుండదు. చివర్లో అదే పిల్లాడు గోడ దూకి సేనాపతిని ఓడిస్తాడు.

బలహీనత కథలో పనిచెయ్యాలంటే మూడు ప్రశ్నలకి జవాబుండాలి. నన్ను ఎవరు దెబ్బతీయగలరు? నా దగ్గర పోగొట్టుకోవడానికి ఏముంది? నేను ఎవరిమీద ఆధారపడ్డాను? జబ్బు ఉన్నా సరే, అది ఈ ప్రశ్నల్లో ఒకదానికి ముడిపడాలి.

ఒక కుర్రాణ్ణి ఊహిద్దాం. పదమూడేళ్లు. కంపెనీ దఫ్తరంలో నకళ్లు రాసే పని. ఆ రోజుల్లో లండన్ వెళ్లే ఉత్తరాన్ని ఒక్క ప్రతితో వదిలేవాళ్లు కాదు. ఓడ మునగొచ్చు, శత్రువులు పట్టుకోవచ్చు కాబట్టి అదే ఉత్తరం నకళ్లు తీసి వేరు వేరు ఓడల్లో పంపేవారు. అంటే రాసే చేతులు ఎన్నో కావాలి. మన కుర్రాడి చూపు మందగిస్తోంది. సాయంత్రమైతే అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ సంగతి బయటపడితే పని పోతుంది, ఇంట్లో తల్లి, చెల్లి పస్తులుంటారు. అందుకని వాడు అక్షరాలు చూసి కాకుండా మొత్తం వాక్యం గుర్తుపెట్టుకుని రాయడం నేర్చుకుంటాడు. నిన్న రాసిన ఉత్తరం వాడికి కంఠతా. ఈ రోజు అదే ఉత్తరం రెండో నకలు తియ్యమని ఇచ్చారు. అందులో ఒక అంకె మారింది.

వాడి లోపమే వాడికి సాక్ష్యం ఇచ్చింది. ఆ సాక్ష్యం చెప్పాలంటే తన లోపం ఒప్పుకోవాలి. ఇదీ ముడి. గోడలు దూకే పని ఎక్కడా లేదు, అయినా పేజీ తిప్పకుండా ఉండలేం.

అమ్మాయి అయితే ఎలా? 1792లో పదమూడేళ్ల పిల్లను దర్బారులో నిలబెట్టి పెద్దవాళ్లకి ఎదురు చెప్పిస్తే ఇప్పటి పాఠకులు చప్పట్లు కొడతారేమోగాని ఆ కాలం మాయమైపోతుంది. ఆమెకి ఆ కాలం ఇచ్చిన దారులే వాడాలి, అవీ తక్కువేం కాదు. చెన్నపట్నంలో కంపెనీకి బట్టల వ్యాపారమే ప్రాణం. ఆ బట్టలు ఉతికి తెల్లబరిచే కుటుంబాలు ఊరికి ఉత్తరాన ఉండేవి, వాషర్‌మెన్‌పేట అన్న పేరు అలా నిలిచిందే. చాకలి ఇంటి అమ్మాయిని తీసుకోండి. పెద్దింటి ముందు గుమ్మం ఆమెకి మూసి ఉంటుంది, పెరటి దారి తెరిచి ఉంటుంది. ఏ ఇంట్లో ఎన్ని పక్కదుప్పట్లు అదనంగా మైలపడ్డాయో, ఎవరి అంగీ మీద రక్తపు మరకుందో, చెన్నపట్నంలో లేడన్న మనిషి ధోవతి ఎవరి మూటలో వచ్చిందో ఆమెకి తెలుసు. చెప్తే నమ్మేవాళ్లు లేరు. నమ్మితే ఇంకా ప్రమాదం.

ఇలాంటి పిల్లలకి కులం ఒక అడ్డుగోడ, దాన్ని దాచకూడదు. మన చారిత్రక కథల్లో పనివాళ్లు చాలావరకు పేరు లేకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. పిల్లల పుస్తకం కదా అని ఆ కాలపు అంటునీ అవమానాన్నీ తుడిచేస్తే, ఆ అమ్మాయి భయానికి కారణమే ఉండదు.

కుట్ర నడిచే తీరు

కుట్ర అంటే ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది, తెలిసినట్టు ఎవరికి తెలుసు అన్నదే. కత్తులూ విషమూ తర్వాతి సంగతి. ఈ మూడింటినీ రచయిత ఒక కాగితం మీద రాసుకోకపోతే కథ చిక్కుపడుతుంది. పాఠకులు అర్థంకాక మానేస్తారు, రచయిత ఆ తప్పు పిల్లల మీద వేస్తాడు.

1792 చెన్నపట్నం ఈ పనికి ఎంత అనువైనదో చూడండి. మొదటిది భాషలు. మైసూరుతో, నవాబుతో ఉత్తర ప్రత్యుత్తరాలు పారసీలో, కంపెనీ లోపల ఇంగ్లీషులో, బజారులో తెలుగు, తమిళం, లెక్కలు ఎవరి భాషలో వాళ్లవి. ఒక మాట ఒకరి నోటినుంచి ఇంకొకరి చెవికి చేరేలోపు ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. మారిన ప్రతిచోటా కాస్త వంగే అవకాశం ఉంది.

రెండోది సముద్రం. చెన్నపట్నానికి అప్పట్లో రేవు లేదు. ఓడలు దూరంగా లంగరేస్తే మనుషుల్నీ సరుకుల్నీ మసూలా పడవల్లో అలలమీదుగా ఒడ్డుకి తెచ్చేవారు. అక్టోబరు మధ్యనుంచి డిసెంబరు మధ్యదాకా తుఫానుల భయంతో ఓడలు ఈ తీరం వదిలేసేవి. లండన్‌కి ఉత్తరం చేరడానికి ఆరు నెలలు పట్టొచ్చు, జవాబుకి ఇంకో ఆరు. అంటే ఇక్కడ తప్పుచేసినవాడికి కనీసం ఒక ఏడాది గడువుంది. ఈ గడువే కథకి గడియారం. అక్టోబరులో చివరి ఓడ వెళ్లేలోపు మన కుర్రాడు ఆ అంకె సంగతి తేల్చుకోవాలి. తర్వాత రెండు నెలలు ఊరు మూసేసినట్టే.

మూడోది అప్పు. చేపాక్ మహల్లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా ఉన్నాడు. కంపెనీ ఉద్యోగులకే ఆయన లక్షలకి లక్షలు బాకీ. అప్పిచ్చినవాళ్లకి నవాబు రాజ్యం నిలవాలి, దాన్ని కంపెనీ మింగేస్తే బాకీ గల్లంతు. జీతమిచ్చేది కంపెనీ, లాభమొచ్చేది నవాబు వల్ల. ఒకే మనిషి రెండు పక్షాల్లో ఉంటాడు. ఇంత సహజమైన కుట్రాభూమిని ఊహించి కట్టాలన్నా కష్టం.

ఇక్కడొక హెచ్చరిక. తలుపు వెనక నిలబడి వినడం అనే ఉపాయం నవల మొత్తంలో ఒక్కసారి వాడితే చాలు. పిల్లాడు ఎప్పుడూ సరిగ్గా ఆ సమయానికే ఆ తలుపు దగ్గరుంటే నమ్మకం పోతుంది. పనే వాళ్లని అక్కడ పెట్టాలి. నకలు రాసేవాడు, దివిటీ పట్టేవాడు, పల్లకి మోసే బోయీ కొడుకు, తాంబూలం పళ్లెం తెచ్చే పిల్ల. వాళ్లు వినడానికి రాలేదు, అక్కడ ఉన్నారు. వాళ్లున్నారన్న ధ్యాస పెద్దవాళ్లకి లేదు.

తెలిసిన చరిత్రలో ఉత్కంఠ ఎక్కడిది

టిప్పు 1799లో శ్రీరంగపట్నం కోటలో చనిపోతాడని అందరికీ తెలుసు. రాజకుమారులు క్షేమంగా తిరిగి వెళ్లారని ఎవరైనా వెతికి చూసుకోగలరు. ముగింపు తెలిసిన కథలో టెన్షన్ ఎలా వస్తుంది?

పెద్ద సంఘటనని కదిలించకుండా వదిలి, ప్రశ్నని చిన్నది చెయ్యాలి. "రాజకుమారులు ఏమవుతారు" అన్న ప్రశ్న చరిత్రది. "ఆ అంకె సంగతి చెప్తే మన కుర్రాడు ఏమవుతాడు" అన్నది నవలది. దీని జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. చరిత్ర పుస్తకాలు పట్టించుకోని మనిషి కాబట్టి వాడికి ఏమైనా జరగొచ్చు. వాడు చిన్నవాడు కావడంవల్ల రచయితకి దొరికిన స్వేచ్ఛ ఇది.

అలాగని వాడు చేసిందేమీ లేకుండా పోతే పాఠకులకి మోసపోయినట్టు ఉంటుంది. వాడి పని యుద్ధం ఆపకూడదు, ఒక మనిషి బతుకుని మార్చాలి. ఒక నిర్దోషి మీద పడాల్సిన నేరం తప్పొచ్చు. ఒక ఉత్తరం అసలు రూపంలో ఓడెక్కొచ్చు. పరదేశంలో ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఒక సాయంత్రం తన భాషలో నాలుగు మాటలు వినిపించొచ్చు. చరిత్ర అంతే ఉంటుంది, దాని లోపల ఒక చోటు మాత్రం మారుతుంది.

చరిత్ర దానంతటదే కొన్ని అందమైన ముడులు ఇస్తుంది, వాటిని వదులుకోకూడదు. 1767లో పదిహేడేళ్ల టిప్పు తన దండుతో చెన్నపట్నం శివార్లదాకా వచ్చి దొరల తోట బంగళాలని కొల్లగొట్టాడు. ఊరంతా వణికిపోయింది. పాతికేళ్ల తర్వాత అతని పిల్లలు అదే ఊరికి బందీలుగా వచ్చారు. ఆ రోజు దోపిడీలో ఇల్లు పోగొట్టుకున్న ముసలమ్మ ఒకామె, ఇప్పుడు ఈ పిల్లల్ని వీధిలో చూస్తే ఏమనుకుంటుంది? నవలలో ఒక అధ్యాయం ఈ ప్రశ్నకే కేటాయించొచ్చు.

ఎవరు మంచివాళ్లు

టిప్పు పేరెత్తితే ఇవాళ ఇంట్లో భోజనాల దగ్గర కూడా వాదన మొదలవుతుంది. పిల్లల నవల రాసేవాళ్లు ఆ వాదనలో ఒక పక్షానికి వకాల్తా తీసుకుంటే పుస్తకం అక్కడే చచ్చిపోతుంది. హామీగా వచ్చిన పిల్లలు ఎవరి కొడుకులైనా పిల్లలే. వాళ్ల తండ్రి దండయాత్రలో ఊళ్లు తగలబడినవాళ్ల దుఃఖమూ నిజమే. రెండూ ఒకే పేజీలో నిలబడగలవు, పదమూడేళ్లవాళ్లు దాన్ని మనకంటే బాగా పట్టుకుంటారు.

పాపయ్య పాత్ర గురించి నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. అతన్ని ఊరికే దుర్మార్గుడిగా చూపించడం చాలా తేలిక. ఇంగ్లీషు రాతల్లో జరిగింది అదే. కానీ చూడండి: గవర్నరు హాలండ్ 1790లో పదవి వదిలి ఓడెక్కి వెళ్లిపోయాడు. ఇక్కడి న్యాయస్థానంలో నిలబడ్డది అతని దుబాసి. పాపయ్య నిర్దోషి అని నేననను. అధికారం దగ్గరున్నంత మాత్రాన అది మనదైపోదన్న సంగతి మాత్రం ఆ మనిషి కథలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊరంతా చూసి వణికిన దుబాసి కూడా దొర వెళ్లిన మర్నాడు బలహీనుడే. మన నకలు రాసే కుర్రాడు ఆ విచారణ జరిగే చోట నిలబడి, తనని ఏడిపించిన ఆ పెద్దమనిషి ముఖంలో తన భయమే చూడగలిగితే నవల పెద్దదవుతుంది. అప్పుడు వాడికి సంతోషం కలగాలా, జాలి కలగాలా? రచయిత తేల్చి చెప్పకపోవడమే మేలు.

ఇంత రాజకీయం, ఇంత క్రూరత్వం పిల్లలకెందుకని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. హింసను రుచిగా వడ్డించే పుస్తకాలు నాకూ నచ్చవు. కానీ పద్నాలుగేళ్ల పిల్లలు నిస్సహాయత అంటే ఏమిటో రోజూ చూస్తూనే ఉన్నారు. ఏ బడిలో చదవాలో, ఏ ఊళ్లో ఉండాలో, ఎవరితో మాట్లాడకూడదో వాళ్ల కోసం ఎవరో నిర్ణయిస్తారు, కారణాలు చెప్పరు. తమ చేతిలో లేని నిర్ణయాల మధ్య బుద్ధిగా, ధైర్యంగా ఎలా మసలుకోవాలో చెప్పే కథ వాళ్లకి ఎవరికంటే ఎక్కువ అవసరం. దెబ్బ చూపించండి, దెబ్బ తర్వాత ఏమవుతుందో కూడా చూపించండి. అంతకంటే వేరే నియమం అక్కర్లేదు.

మన భాషలో ఖాళీ

తెలుగులో ఈ వయసుకి పుస్తకాలు తక్కువ. విచిత్రమేమిటంటే, పిల్లల కోసం తెలుగులో జరిగిన పెద్ద పనుల్లో కొన్ని ఈ ఊళ్లోనే మొదలయ్యాయి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి 'బాల' 1945లో ఇక్కడినుంచే వచ్చింది. 'చందమామ' 1947 జులైలో ఇక్కడే పుట్టింది. అవి పదేళ్ల పిల్లల్ని చెయ్యిపట్టి నడిపించాయి. ఆ తర్వాతి మెట్టు పెద్దవాళ్ల చారిత్రక నవల, అందులో నాయకుడు చాలావరకు వీరుడు, రాజు, సేనాని. పన్నెండుకీ పద్దెనిమిదికీ మధ్య ఉన్నవాళ్లకి మనం ఏమీ కట్టలేదు. అందుకే వాళ్లు ఇంగ్లీషు దేశాల రాజాస్థానాల్లో తిరుగుతున్నారు. చెన్నైలో మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ల కోసమైతే ఇలాంటి నవల గొంతెత్తి చదివి వినిపించేలా, చిన్న అధ్యాయాలతో రావాలి.

ముడిసరుకుకి లోటేం లేదు. ఎగ్మూరులో తమిళనాడు ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం ఉంది, కంపెనీ కాగితాలు అక్కడున్నాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ మెకంజీకి కుడిభుజంగా నిలిచిన కావలి వెంకట బొర్రయ్య కూడా ఏలూరు ప్రాంతంనుంచి వచ్చిన యువకుడే. 1776లో పుట్టి 1803లో ఇక్కడే కన్నుమూశాడు. ముప్ఫై కూడా నిండలేదు.

1792 మరీ దూరమనిపిస్తే 1952 ఉంది. అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టారు, డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది, మద్రాసు ఇటే ఉండిపోయింది. ఆ యాభై ఎనిమిది రోజులు పక్క వీధిలో ఉన్న పదిహేనేళ్ల తెలుగమ్మాయిని ఊహించండి. ప్రాణస్నేహితురాలు తమిళ పిల్ల. బడిలో ఇద్దరూ ఒకే బల్ల. ఢిల్లీనుంచి ఏం కబురొస్తుందో, మంత్రులు ఏమంటున్నారో పెద్దవాళ్ల గొంతుల్లో మార్పునుబట్టి ఆమె కనిపెట్టాలి. ఇది మన తాతల ఇళ్లలో జరిగిన కథ, రాసేవాళ్లు రెండు భాషల గాయాలనీ మర్యాదగా ముట్టుకోవాలి. 1792 కంటే ఇది కష్టమని నాకనిపిస్తుంది, ఎందుకంటే గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఎక్కడ ఆపాలి

ఇలాంటి నవలలో ఆఖరి నిర్ణయం ముగింపు తేదీ. అదే పుస్తకం స్వభావాన్ని తేలుస్తుంది.

1794 మార్చిలో రాజకుమారుల్ని కెప్టెన్ డవ్‌టన్ వెంటబెట్టుకుని వెళ్లి, బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో టిప్పుకి అప్పగించారు. అక్కడ ఆపితే తండ్రీ కొడుకులు కలిసిన కథ. 1799 దాకా వెళ్తే తండ్రిని పోగొట్టుకున్న కథ. ఇంకా ముందుకెళ్తే, టిప్పు కుటుంబాన్ని వేలూరు కోటలో ఉంచారు, 1806 జులైలో అక్కడ సిపాయిలు తిరగబడ్డారు, ఆ తర్వాత కుటుంబాన్ని కలకత్తాకి తరలించారు. ఆ చిన్నప్పటి బందీలు పెద్దయ్యాక మళ్లీ బందీలే అయిన కథ అది.

నేనైతే నకలు రాసే కుర్రాడి వైపునుంచి రాస్తాను కాబట్టి దేవనహళ్లి అప్పగింతకి ముందే ఆపుతాను. రాజకుమారులు ఊరు వదిలారన్న కబురు వాడికి బజారులో ఎవరో చెప్తారు. వాళ్లు క్షేమంగా చేరారో లేదో వాడికి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. పాఠకులకి తెలుసు. వాడి ముందు ఆ రోజు రాయాల్సిన నకళ్లు ఇంకా ఉన్నాయి. కళ్ల సంగతి ఇప్పుడు దఫ్తరంలో ఒక్క మనిషికి తెలుసు, ఆ మనిషి ఇంకా ఎవరికీ చెప్పలేదు.